డోవర్ దాటడానికి నెల్లూరులో వేసిన లెక్క

నెల్లూరు డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. బస్సుల టైములు, డ్యూటీ చార్టులు, డీజిల్ లెక్కలు నాకు ఒంటబట్టిన విద్య. పడవ ప్రయాణమంటే మాత్రం నాకు తెలిసింది ఒక్కటే, తడ దగ్గర భీములవారిపాలెం రేవులో ఎక్కి పులికాట్ సరస్సు మీదుగా ఇరకం దీవికి వెళ్ళడం. అలాంటిది 2024 జులైలో, ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకి ఒక మోటర్‌హోమ్‌ని సముద్రం దాటించే ఏర్పాటు నా చేతికొచ్చింది. దాదాపు నెల రోజులు దాని మీదే కూర్చున్నాను. మనవాళ్ళు చాలామంది పిల్లల దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి యూరప్ చూసి రావాలనుకుంటున్నారు కాబట్టి ఏం చేశానో వివరంగా రాస్తున్నాను.

మా పెద్దమ్మాయి, అల్లుడు లీడ్స్‌లో ఉంటారు. ఇద్దరివీ ఆస్పత్రి ఉద్యోగాలే. రెండేళ్ళ కిందట ఒక సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ కొన్నారు. వ్యాను మీద చిన్న ఇల్లు కట్టినట్టు ఉంటుంది. మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ అందులోనే. ఈసారి మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుని ఫ్రాన్సు తిప్పాలని వాళ్ళ కోరిక. "నాన్నా, మా ఇద్దరికీ డ్యూటీలతోనే సరిపోతా ఉంది. ఆ ఫెర్రీ టికెట్లేమో పూటకొక రేటు చూపిస్తా ఉన్నాయి. జీవితమంతా చార్టులు వేసినోడివి, నువ్వే చూసి ఏదో ఒకటి తేల్చు" అని అమ్మాయి ఫోన్ చేసింది. ఆ మాట నాకెంతో సంతోషంగా అనిపించింది. ఆ సాయంత్రమే ట్రంకు రోడ్డులో ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చి, డిపోలో గీసినట్టే నిలువు గీతలు గీశాను.

ముందు దారులు తెలుసుకోవాలి. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రం డోవర్ దగ్గర బాగా సన్నబడుతుంది, సుమారు 33 కిలోమీటర్లే. డోవర్ నుంచి కలే రేవుకి గంటన్నర. ఆ దారిలో పీ అండ్ ఓ, డీఎఫ్‌డీఎస్, ఐరిష్ ఫెర్రీస్ అని మూడు సంస్థలు ఓడలు నడుపుతున్నాయి. డోవర్ నుంచే డంకర్క్‌కి రెండు గంటలు. న్యూహేవెన్ నుంచి డియెప్‌కి నాలుగు గంటలు. పోర్ట్స్‌మౌత్ నుంచి కాన్, షెర్‌బూర్గ్, సాన్ మాలో రేవులకి బ్రిటనీ ఫెర్రీస్ ఓడలున్నాయి. మా వాళ్ళుండే లీడ్స్‌కి దగ్గరగా హల్ అనే రేవుంది, అక్కడ రాత్రి ఎక్కితే పొద్దున్నే హాలెండులో రోటర్‌డామ్ దగ్గర దింపుతారు. ఇవి కాక సముద్రం అడుగున సొరంగం. అందులో మోటర్‌హోమ్‌ని రైలు పెట్టెలోకి ఎక్కిస్తే 35 నిమిషాల్లో అవతల ఉంటారు. బండిలో వంటకి వాడే గ్యాస్ సిలిండర్లకి సొరంగం వాళ్ళ పరిమితులు వాళ్ళకున్నాయి, బండే గ్యాస్ మీద నడిచేదైతే అసలు ఎక్కించుకోరు. మాది డీజిల్ బండి కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ నేను చూసిన రోజుల్లో సొరంగం రేటు ఓడ కంటే బాగా ఎక్కువుంది, దాన్ని త్వరగానే కొట్టేశాను.

అసలు కష్టం రేట్లతో. ఒకే ఓడ, ఒకే బండి. శనివారం మధ్యాహ్నానికి 240 పౌండ్లు దాటి చూపించింది, అదే మంగళవారం తెల్లవారుజామున అయితే 130 లోపు. పౌండంటే మనకి వంద రూపాయల పైమాటే, ఆ తేడా చిన్నది కాదు. నేను వెతుకుతున్న ఆ వారంలోనే మా ఊళ్ళో రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు దగ్గరికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి లాడ్జీలన్నీ నిండిపోతాయి, మామూలు రోజుల్లో దొరికే గది ఆ నాలుగైదు రోజులు రెట్టింపు చెప్తారు. ఫెర్రీ సంగతీ అంతే. ఇంగ్లండులో బడులకి జులై చివర్నుంచి ఆగస్టు చివరిదాకా సెలవులు, పిల్లలున్న ప్రతి కుటుంబం అప్పుడే కదులుతుంది. మా మనవరాలికి నాలుగేళ్ళు, ఇంకా బడికి పోవడం లేదు. అందుకని "సెప్టెంబరు మొదలయ్యాక, మంగళవారమో బుధవారమో పెట్టుకోండి" అని చెప్పేశాను. ఈ ఒక్క మార్పుతోనే మూడో వంతు పైగా తగ్గింది. తక్కిన వెతుకులాటంతా కలిపినా అంత మిగల్లేదు.

రేట్లన్నీ చూసి, సెప్టెంబరు 3 మంగళవారం ఉదయం 6 గంటల డంకర్క్ ఓడ ఖాయం చేసుకున్నాను. 128 పౌండ్లు. డబ్బు కట్టబోయే ముందు అల్లుడికి వివరాలు చదివి వినిపిస్తుంటే, "మామయ్యా, పొడవు ఎంత వేశారు?" అని అడిగాడు. బండి కాగితాల్లో ఉన్నట్టు 6.91 మీటర్లు వేశానన్నాను. "వెనక సైకిళ్ళ స్టాండు కలిపారా మరి?"

కలపలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు.

మర్నాడు ఆదివారం. వీడియో కాల్‌లో అల్లుడు, అమ్మాయి ఇంటి ముందు బండి కొలవడానికి దిగారు. సన్నగా జల్లు పడుతోంది. ఫోన్ని గోడకి ఆనించి పెట్టారు. వాళ్ళ దగ్గరున్న టేపు ఐదు మీటర్లదే. అల్లుడు ముందు బంపర్ దగ్గర కొస పట్టుకుని కూర్చున్నాడు. అమ్మాయి టేపు లాక్కుంటూ వెనక్కి నడిచి, ఐదు మీటర్ల దగ్గర సుద్దముక్కతో నేల మీద గీత గీసింది. చూస్తుండగానే ఆ గీత వానకి చెదిరిపోతోంది. అప్పుడు మా మనవరాలు తన ఎర్ర బూటు ఒకటి విప్పి, జాగ్రత్తగా ఆ గీత మీద పెట్టి, "తాతా, ఇక్కడ" అంది. ఒంటికాలి మీద అలాగే నిలబడింది పాపం, వాళ్ళమ్మ మిగతాది కొలిచేదాకా. స్టాండు మీద సైకిళ్ళు ఎక్కించి, వెనక చక్రం అంచు దాకా లెక్కేస్తే 7.63 మీటర్లు తేలింది. కాగితం మీద ఉన్నదానికి 72 సెంటీమీటర్లు ఎక్కువ. రేటు 128 నుంచి 149 అయింది.

ఇదేమిటి ఇంత పట్టింపు అనిపించి చదివితే అర్థమైంది. ఓడలో వాళ్ళు అమ్మేది స్థలం. డెక్కు మీద పొడవాటి వరసలుంటాయి, ఆ వరసలో బండి ఎన్ని మీటర్లు ఆక్రమిస్తుందన్నదే ధరకి మూలం. లారీల దగ్గరా ఇదే లెక్క. ఎత్తు కూడా అంతే ముఖ్యం. కార్ల డెక్కు కప్పు తక్కువగా ఉంటుంది, ఎత్తైన బళ్ళని లారీలున్న చోటికి పంపాలి. అందుకే పైకప్పు మీద పెట్టె ఉన్నా, టీవీ యాంటెన్నా ఉన్నా కలిపి కొలిచి చెప్పాలి. తక్కువ చెప్పి రేవుకి వెళ్తే అక్కడ తేడా కట్టించుకుంటారు, ఆ ఓడలో చోటు లేకపోతే తర్వాతి ఓడ దాకా ఆపుతారు. తెల్లవారుజామున పసిపిల్లతో అక్కడ నిలబడే గతి పట్టకుండా అల్లుడు సమయానికి అడిగాడు.

ఇక హల్ దారి. లీడ్స్ నుంచి హల్‌కి 60 మైళ్ళే, డోవర్‌కి దాదాపు 265 మైళ్ళు. ఇంటి పక్కనే రేవు పెట్టుకుని దేశం చివరిదాకా పోవడమేమిటని అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. డిపోలో మేము రోజూ చూసే లెక్క కేఎంపీఎల్, అంటే లీటరుకి బండి ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందని. వీళ్ళ మోటర్‌హోమ్ దాదాపు తొమ్మిది ఇస్తుంది. 265 మైళ్ళంటే 426 కిలోమీటర్లు, అంటే 48 లీటర్ల డీజిల్. అప్పటి ధరకి 72 పౌండ్లు. దానికి డోవర్ దగ్గర ముందు రాత్రి క్యాంప్‌సైట్‌లో పడుకోవడానికి ఇంకో 30 కలిపాను. టికెట్ 149. మొత్తం 251. హల్ ఓడలో రాత్రంతా ప్రయాణం కాబట్టి క్యాబిన్ తీసుకోక తప్పదు. మేం ఐదుగురం, రెండు క్యాబిన్లు కావాలి. అన్నీ కలిపి ఒకవైపుకే 430 దగ్గర చూపించింది, హల్ దాకా డీజిల్ వేరే. పైగా అది దింపేది హాలెండులో, మేం వెళ్ళాల్సింది ఫ్రాన్సు. ఇద్దరే మనుషులై, జర్మనీ వైపు వెళ్ళేవాళ్ళయితే నేను హల్ దారే చెప్పి ఉండేవాణ్ణి. టికెట్ ధర ఒక్కటే పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా కనపడదు. ఇంటి గుమ్మం నుంచి మొదటి మజిలీ దాకా అయ్యేదంతా ఒకే వరసలో రాసుకోవాలి.

అదే రోజు తెల్లవారుజామున నాలుగింటికి కదిలే డంకర్క్ ఓడ ఇంకో 11 పౌండ్లు తక్కువకే ఉంది. వద్దన్నాను. రాత్రి రెండింటికి లేచి రేవుకి పోయి, ఓడ దిగీ దిగగానే రోడ్డుకి కుడిపక్కన నడపడం మొదలుపెట్టాలి, అదీ అల్లుడికి అలవాటు లేనిది. డ్రైవరుకి నిద్ర లేకుండా డ్యూటీ వెయ్యకూడదు. ఆ విషయంలో నేను డిపోలోనూ ఎప్పుడూ రాజీ పడలేదు.

టైములు చూసేటప్పుడు ఇంకొకటి గమనించాలి. బయల్దేరే టైము ఇంగ్లండుది, చేరే టైము ఫ్రాన్సుది. ఫ్రాన్సు గంట ముందుంటుంది. ఆరింటికి కదిలిన ఓడ తొమ్మిదింటికి చేరుతుందని ఉంటే ప్రయాణం మూడు గంటలు కాదు, రెండే. తిరుగు ప్రయాణంలో అదే గంట తగ్గినట్టు కనిపిస్తుంది.

తక్కువ రేట్లు వెతుకుతుంటే మధ్యవర్తుల సైట్లు చాలా తగిలాయి. ఒకదాంట్లో అన్నిటికంటే తక్కువ కనిపిస్తే ఆశపడ్డాను. చివరి పేజీకి వచ్చేసరికి బుకింగ్ రుసుమని 15 పౌండ్లు కలిసింది. పైగా ఏ మార్పు కావాలన్నా ఓడ వాళ్ళని కాకుండా వాళ్ళనే అడగాలట. వదిలేశాను. క్యారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ అని ఒకటుంది, సభ్యులకి ఫెర్రీల మీద తగ్గింపు ఇస్తారు. మా ఒక్క ప్రయాణానికి వచ్చే తగ్గింపు కంటే సభ్యత్వం ఖర్చే ఎక్కువ పడింది. ఏడాదిలో రెండు మూడు సార్లు దాటేవాళ్ళకి పనికొస్తుంది.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి చెప్పాలి. మా ఆవిడకీ నాకూ ఇంగ్లండు వీసా ఉంది, కానీ అది ఫ్రాన్సులో చెల్లదు. ఫ్రాన్సుతో సహా యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా వేరే కావాలి. ఇంగ్లండుకి చూడ్డానికి వెళ్ళినవాళ్ళు అక్కడ అప్లై చేసుకోవడం మామూలుగా కుదరదు, బయల్దేరే ముందే ఇక్కడే తీసుకోవాలి. ఒక్కొక్కరికి 90 యూరోలు ఫీజు. ఆ జూన్‌లోనే 80 నుంచి పెంచారు. 30,000 యూరోలకి తగ్గకుండా వైద్య బీమా ఉండాలి. ఎలా వెళ్తున్నారో, ఎలా వస్తున్నారో కాగితాలు చూపించాలి. అంటే ఫెర్రీ టికెట్ ముందు తీసుకోవాలి, వీసా తర్వాత వస్తుంది. ఆ 149 రేటేమో తేదీ మార్చడానికి వీల్లేనిది, రద్దు చేసుకుంటే ఒక్క పౌండు తిరిగి రానిది.

రెండు రోజులు ఆలోచించాను. మా ఆవిడ, "ఏమండీ, ఇరవై ముప్ఫై పౌండ్లకి చూసుకుని ఇంత టెన్షన్ ఎందుకు, మార్చుకునే టికెట్టే తీసుకోమనండి" అంది. అదే చేశాం. తేదీ మార్చుకోనిచ్చే టికెట్ 163 పడింది. 14 పౌండ్లు ఎక్కువ. మార్చుకున్నందుకు రుసుమేమీ ఉండదు, కొత్త తేదీ రేటుకీ పాత రేటుకీ తేడా ఉంటే మాత్రం కట్టాలి.

ఆ 14 పౌండ్లే మమ్మల్ని కాపాడాయి. వీసా పని మేమే ఆలస్యంగా మొదలుపెట్టాం, చెన్నైలో వేలిముద్రలివ్వడానికి మాకు దొరికిన తేదీ అనుకున్నదానికంటే బాగా వెనక్కి పోయింది. సెప్టెంబరు 3 నాటికి పాస్‌పోర్టులు చేతికి రావడం అనుమానమని తేలిపోయింది. అమ్మాయి టికెట్ని సెప్టెంబరు 17కి జరిపింది, అదీ మంగళవారమే. తేడా 18 పౌండ్లు. చవక టికెట్ తీసుకుని ఉంటే 149 పోయి, మళ్ళీ కొత్తగా కొనాల్సి వచ్చేది. పాస్‌పోర్టులు వచ్చిన రోజు మా ఆవిడ వాటిని దేవుడి దగ్గర పెట్టి పసుపు బొట్టు పెట్టింది. తేదీ జరగడం వల్ల వినాయక చవితి కూడా లీడ్స్‌లో మనవరాలితో చేసుకునే భాగ్యం దక్కింది.

బయల్దేరే ముందు అల్లుడు బండి వెనక ఏ దేశపు బండో తెలిపే పాత జీబీ స్టిక్కర్ తీసి యూకే అని ఉన్నది అతికించాడు, 2021 నుంచి అదే ఉండాలి. మా ఆవిడ సర్దిన సరుకుల్లోంచి నెయ్యి సీసా, పెరుగు డబ్బా తీయించాను. ఇంగ్లండు యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక మాంసం, పాల పదార్థాలు అటు తీసుకుపోనివ్వరు. ఆవకాయ, కందిపొడి ఉంచాం. నెయ్యి లేకుండా కందిపొడి ఏం కలుపుతారని ఆమె బాధపడింది కానీ, డంకర్క్‌లో దిగాక సూపర్ మార్కెట్లో వెన్న కొని తనే కాచింది.

17వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకి డోవర్ రేవులో ఉన్నాం. అక్కడ నాకు బాగా వింతగా అనిపించింది ఒకటుంది. ఫ్రాన్సు పోలీసులు తనిఖీ చేసేది ఇంగ్లండు గడ్డ మీదే. 2003లో రెండు దేశాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం అలా పెట్టుకున్నారు. ఇంకా ఓడ ఎక్కలేదు, పాస్‌పోర్టు మీద ఫ్రాన్సు ముద్ర పడిపోయింది. ఆ తర్వాత ఫెర్రీ వాళ్ళ గది దగ్గర ఆగాం. లోపలున్న అమ్మాయి టికెట్ చూసింది, కిటికీలోంచి కాస్త వంగి బండి వెనక ఉన్న సైకిళ్ళని చూసింది, తెర మీద ఏదో సరిచూసుకుంది. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. వరస నంబరు ఉన్న అట్టముక్క ఒకటి ఇచ్చి అద్దానికి తగిలించమంది, అంతే. ఎర్ర బూటు పెట్టి కొలిచిన ఆ కొలత సరిపోయింది.

అనుకున్నట్టే లారీల డెక్కు మీదికి పంపారు. గ్యాస్ సిలిండరు కట్టేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, అలారం ఆపి పైకి రావాలి. ఓడ నడిచేంతసేపు బండిలో ఉండనివ్వరు. కావలసినవన్నీ ముందే సంచిలో పెట్టుకోండి, మధ్యలో కిందికి వెళ్ళడం కుదరదు. మా ఆవిడ మాత్రల డబ్బా బండిలోనే మర్చిపోయి రెండు గంటలు ఆందోళన పడింది. పై డెక్కు మీదికి వెళ్ళేసరికి వెలుగు వస్తోంది. వెనక తెల్ల సుద్దకొండలు నెమ్మదిగా గులాబీ రంగు తిరుగుతున్నాయి. మైపాడు బీచిలో నిలబడి సముద్రాన్ని ఎన్నిసార్లు చూశానో. ఒడ్డు వెనక్కి పోవడం చూడటం మాత్రం అదే మొదటిసారి.

దిగాక మొదట వెళ్ళింది లిల్ దగ్గర నెవ్ షపెల్‌లో ఉన్న భారతీయ సైనికుల స్మారకానికి. డంకర్క్ ఎంచుకోవడానికి అదీ ఒక కారణమే. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయి, సమాధి కూడా తెలియని మనవాళ్ళు 4,700 మందికి పైగా, వాళ్ళ పేర్లు గుండ్రటి రాతిగోడ మీద చెక్కి ఉన్నాయి. మా ఆవిడ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. అక్కడ గంటసేపు ఉన్నాం.

తిరుగు టికెట్ కలే నుంచి తీసుకున్నాను, అక్టోబరు 1న, ఆ రోజు డంకర్క్ కంటే అదే తక్కువుంది. వెళ్ళిన రేవు నుంచే రావాలని లేదు, రెండు వైపులా విడివిడిగా చూసుకోండి. తిరిగొచ్చేటప్పుడు బ్రిటిష్ తనిఖీ కూడా కలేలోనే అవుతుంది. ఎవరైనా దాక్కున్నారేమోనని బండిలోకి ఎక్కి, బాత్రూమ్ తలుపు, మంచాల కింద పెట్టెలు అన్నీ తెరిపించి చూశారు. రేవుకి చేరువలో ఎక్కడా బండి ఆపకండి, బయటి పెట్టెలకి తాళాలు వేసి ఉంచండి అని అల్లుడి స్నేహితులు చెప్పారు, అలాగే చేశాం. నోట్‌బుక్‌లో చివరి పేజీ ప్రకారం రానూ పోనూ ఫెర్రీకి అయింది 318 పౌండ్లు, తేదీ మార్చినదానితో కలిపి.

ఇప్పుడు అల్లుడితో పనిచేసే ఒకాయన వచ్చే ఏప్రిల్లో స్పెయిన్ వెళ్ళాలనుకుంటున్నారట. ప్లిమత్ నుంచి శాంటాండర్‌కి ఇరవై గంటల పైన ప్రయాణం, క్యాబిన్ ఉండాల్సిందే. దానికి బదులు డోవర్ దాటి ఫ్రాన్సు పొడవునా నడుపుకుంటూ పోతే డీజిల్, టోల్, రాత్రి మజిలీలు కలిపి ఎంతవుతుందో చూడమని అడిగారు. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి గీతలు గీశాను. ముందు బండి కొలత పంపమన్నాను, సైకిళ్ళు ఎక్కించి కొలిచింది.